ఇద్దరు టీచర్ల బడిలో పిల్లల సభ నడపడం ఎలా

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు పల్లెల్లో ఏ ప్రాథమిక పాఠశాలకు వెళ్ళినా తరగతికొక లీడర్ కనిపిస్తాడు. టీచర్ బయటకు వెళ్ళినప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం, సుద్దముక్కలు తేవడం, ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించడం ఆ లీడర్ పనులు. కొన్ని బడుల్లో ప్రధానమంత్రి, ఆరోగ్య మంత్రి, భోజన మంత్రి అంటూ ఒక మంత్రివర్గాన్నే ఏర్పాటు చేసి, ఆ పేర్లను చార్టు మీద రాసి గోడకు అతికిస్తారు. తనిఖీకి వచ్చినవారు ఆ చార్టును చూసి సంతోషించి వెళ్తారు. ఆరోగ్య మంత్రి ఈ ఏడాది ఏమి అడిగింది, దానికి ఎవరు ఏమని జవాబు చెప్పారు అని అడిగినవారిని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

పిల్లల సభ అంటే తరగతుల ప్రతినిధులు నెలకొకసారి టీచర్లతో కూర్చొని, బడిలో తమకు కావలసినవి అడిగి జవాబు పొందే చోటు. ప్రతినిధుల ఎన్నిక ఎంత చక్కగా జరిపినా, అడిగిన మాటకు జవాబు రాకపోతే మూడో సమావేశానికల్లా పిల్లలు నోరు విప్పడం మానేస్తారు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో ఎన్నికకు తక్కువ చోటు, జవాబుకు ఎక్కువ చోటు ఉంటుంది. ముప్ఫై నలభై మంది పిల్లలు, ఒకరో ఇద్దరో టీచర్లు, ఒకే గదిలో రెండు మూడు తరగతులు ఉండే బడిని మనసులో పెట్టుకొని ఇది రాస్తున్నాను. పెద్ద బడి అయితే అంకెలు మార్చుకుంటే సరిపోతుంది.

ముందు పెద్దవాళ్ళు తేల్చుకోవలసినవి

మొదటి పని తోటి టీచరుతోనూ వంట చేసే అక్కతోనూ కూర్చొని మాట్లాడటం. జూన్‌లో బడి తెరిచిన రెండో వారంలో, పిల్లలు వెళ్ళిపోయాక అరగంట చాలు. ఒక కాగితాన్ని మూడు గళ్ళుగా చేయండి. పిల్లలే పూర్తిగా నిర్ణయించుకోగలిగినవి మొదటి గడిలో రాయండి: ఆటల పీరియడులో ఏ ఆట ఆడాలి, శనివారం ఏ కథ చదవాలి, వరండా గోడ మీద ఎవరి బొమ్మలు పెట్టాలి, మొక్కలకు నీళ్ళు పోసే వంతులు ఎలా ఉండాలి. పిల్లలు చెప్పింది విన్నాక పెద్దవాళ్ళు నిర్ణయించేవి రెండో గడిలోకి వస్తాయి: ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఇంటిపని ఎంత ఉండాలి, భోజనానికి వరుస ఎలా నడవాలి, బతుకమ్మ నాడు బడిలో ఏమి చేయాలి. బడి చేతిలో లేనివి మూడో గడి: కొత్త గది, ఖాళీగా ఉన్న టీచర్ పోస్టు, బియ్యం నాణ్యత, ప్రహరీ గోడ. మూడో గడిలోని సంగతులు పిల్లలు అడగకూడదని దీని అర్థం కాదు. అడిగినప్పుడు వాటిని ఎవరి దగ్గరికి చేరవేస్తారో మీకు ముందే తెలిసి ఉండాలి.

ఈ కూర్చోవడంలో ఇంకొక ఒప్పందం కూడా జరగాలి. మీరు ముందే నిర్ణయించేసిన విషయాన్ని పిల్లల ముందు ప్రశ్నగా పెట్టకూడదు. రంగు డబ్బాలు వచ్చి స్టోర్ రూంలో ఉన్నాక "గోడకు ఏ రంగు వేద్దాం?" అని అడిగితే పిల్లలు వెంటనే పసిగడతారు, ఆ తరువాత మీరు నిజంగా అడిగినప్పుడు కూడా గంగిరెద్దుల్లా తలలూపుతారు.

"ఆరేళ్ళ పిల్లలకు ఏం తెలుసు సార్, సిలబస్ చేయడానికే టైం లేదు" అనే సహోద్యోగి ఎవరో ఒకరు ఉంటారు. ఆయనతో వాదన పెట్టుకోకుండా చట్టం చూపించండి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, 29వ సెక్షన్‌లో, పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చేసి వారు తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా చెప్పుకొనేలా తోడ్పడటం బోధనలో భాగమేనని చెబుతుంది. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణ కూడా ఇదే మాట చెబుతుంది: తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలి, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలి. భారతదేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. "విలువ ఇవ్వడం" అంటే అడిగినదల్లా చేయడం కాదని కూడా ఆ సహోద్యోగికి చెప్పండి. ఆయన భయం సగం అక్కడే తగ్గుతుంది.

బడి చుట్టూ ఒక నడక

సభ పేరు ఎత్తకముందే, పిల్లలకు బడిని కొత్త కళ్ళతో చూడటం అలవాటు చేయాలి. అన్ని తరగతుల పిల్లలను కలిపి ఐదుగురేసి జట్లు చేయండి. ప్రతి జట్టుకూ ఒక సుద్దముక్క ఇచ్చి, తమకు ఇష్టమైన చోట నేల మీద పువ్వు, భయం వేసే చోట గానీ ఇబ్బంది కలిగే చోట గానీ ఇంటూ గుర్తు వేసి రమ్మనండి. రాయడం రాని ఒకటో తరగతి పిల్లలు కూడా ఇది చేయగలరు. జట్టులో అందరికంటే చిన్నవాడి చేతిలోనే సుద్దముక్క ఉండాలన్నది ఒకే ఒక నియమం. అది లేకపోతే ఐదో తరగతి పిల్లలే బడినంతా ఇంటూలతో నింపేస్తారు.

వాళ్ళు గుర్తులు వేసిన తరువాత మీరు ఒంటరిగా ఒకసారి తిరిగి చూడండి. వేపచెట్టు కింద పువ్వులు ఉంటాయని మీరు ముందే ఊహించగలరు. చేతులు కడుక్కొనే నల్లా దగ్గర ఇంటూ ఎందుకుందో వెంటనే తట్టదు. వంగి చూస్తే తెలుస్తుంది, ఆ నల్లా ఒకటో తరగతి పిల్లల భుజాల కంటే ఎత్తులో ఉంటుంది, నీళ్ళు చేతుల మీద కాకుండా అంగీ చేతుల్లోకి కారతాయి. బాత్రూం తలుపుకు లోపలి గడియ లేదని, గేటు దగ్గర ఎప్పుడూ ఒక కుక్క పడుకొని ఉంటుందని, వరండా చివర మలుపులో పెద్ద పిల్లలు చిన్నవాళ్ళ పెన్సిళ్ళు గుంజుకుంటారని ఆ గుర్తులే చెబుతాయి. రోజూ ఆ దారినే నడిచే మనకు ఇవేవీ కనిపించవు.

ఆ వారంలోనే, ఎవరినీ అడగకుండా, ఆ ఇంటూలలో ఒకదాన్ని తీసేయండి. నల్లా కింద రెండు ఇటుకలు పేర్చి చిన్న మెట్టు కట్టడానికి ఒక పూట పడుతుంది. బాత్రూం తలుపుకు గడియ పెట్టించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. తాము నేల మీద గీసిన గుర్తు వల్ల బడిలో ఒక వస్తువు మారిందని పిల్లలు కళ్ళారా చూడటమే సభకు అసలు ప్రారంభోత్సవం.

ప్రతినిధులను చిట్టీలతో తీయండి

ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ప్రాథమిక పాఠశాలలో ఎన్నిక వద్దు. ఊళ్ళో పంచాయతీ ఎన్నికలు చూసి వచ్చిన పిల్లలు గుర్తులు, బ్యాలెట్ కాగితం, వేలికి సిరా అన్నీ ముచ్చటగా చేస్తారు, ఫోటోలు కూడా బాగా వస్తాయి. కానీ ఎవరు గెలుస్తారో చీటీలు విప్పకముందే మీకు తెలుసు: గట్టిగా మాట్లాడేవాడు, మొదటి మార్కు వచ్చే అమ్మాయి, లేదా ఊళ్ళో పలుకుబడి ఉన్న ఇంటి పిల్లవాడు. ఉలుకూ పలుకూ లేకుండా వెనక వరుసలో కూర్చొనే పిల్ల ఎన్నటికీ గెలవదు. నల్లా అందని సంగతి తెలిసింది ఆ పిల్లకే. ఎన్నిక ఎలా జరుగుతుందో నేర్పాలనుకుంటే నాలుగు, ఐదు తరగతుల వాళ్ళకు పాఠంలో భాగంగా, ఒక కథల పుస్తకాన్నో ఆటనో ఎంచుకొనేందుకు జరిపించండి.

ప్రతినిధులకు మాత్రం వంతులు పెట్టండి. తరగతికి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి చొప్పున ఇద్దరు. ఏడాదిని మన బడుల నడకను బట్టే మూడుగా విడగొట్టుకోవచ్చు: బడి తెరిచినప్పటి నుంచి దసరా సెలవుల దాకా, దసరా నుంచి సంక్రాంతి దాకా, సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా. అబ్బాయిల పేర్లు ఒక డబ్బాలో, అమ్మాయిల పేర్లు ఇంకొక డబ్బాలో చిట్టీలుగా వేసి అందరి ముందు తీయండి. ఒకసారి వచ్చిన పేరు మళ్ళీ ఆ ఏడాది డబ్బాలోకి వెళ్ళదు. తరగతిలో ఎనిమిది మంది ఉంటే ఏడాది తిరిగేసరికి ఆరుగురికి వంతు వస్తుంది, మిగిలిన ఇద్దరి పేర్లతో మరుసటి ఏడాది మొదలుపెట్టవచ్చు. ఒకటో తరగతి పిల్లలు బడికి అలవాటు పడటానికే కొంతకాలం పడుతుంది కాబట్టి వారి ప్రతినిధులను దసరా తరువాత తీసుకుంటే మంచిది.

మంత్రి పదవుల పేర్లు పెట్టకండి. పేరు పెద్దదైతే పిల్లవాడు దాన్ని మోస్తాడే తప్ప పని చేయడు, ఆ పైన మిగతావారి మీద అధికారం చేయడం మొదలుపెడతాడు. అల్లరి చేసినవాళ్ళ పేర్లు రాసే పని ప్రతినిధికి ఇవ్వకూడదు. తమ పేర్లు రాసి ఇచ్చే పిల్లతో ఎవరూ తమ కష్టం చెప్పుకోరు.

తరగతి వలయం

సభకు వెళ్ళే పిల్లలు తమ సొంత మాట మాత్రమే చెబితే అది ఇద్దరి మాటే అవుతుంది. కాబట్టి సభకు రెండు రోజుల ముందు, ప్రతి తరగతిలో పదిహేను నిమిషాలు వలయంగా కూర్చోబెట్టాలి. చేతిలో బంతి ఉన్నవారే మాట్లాడాలి, చెప్పడానికి ఏమీ లేనివారు బంతిని పక్కవారికి ఇచ్చేయవచ్చు. "ఈ నెలలో బడిలో ఏది మంచిగ అనిపించింది, ఏది మంచిగ అనిపించలేదు?" అన్న ఒక్క ప్రశ్న సరిపోతుంది. పిల్లలు తమ ఇంటి భాషలోనే చెప్పనివ్వండి. "సార్, నీళ్ళు తాగనీకి పోతె పెద్దపోరలు నూకేస్తుండ్రు" అన్న పిల్లను ఆపి గ్రాంథికంలోకి దిద్దితే, ఆ పిల్ల మళ్ళీ నోరు తెరవడానికి నెల పడుతుంది. దేవరకొండ వైపు తండా బడుల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లలు లంబాడీలో ఆలోచిస్తారు. అదే తండాకు చెందిన ఐదో తరగతి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి ఆ మాటలను తెలుగులో చెప్పించుకోండి. నారాయణపేట సరిహద్దు ఊళ్ళలో కన్నడ మాట్లాడే ఇళ్ళ పిల్లలకూ ఇదే ఏర్పాటు చేయవచ్చు.

వచ్చిన సంగతులు ఐదారు ఉంటే, ఏది సభకు వెళ్ళాలో తరగతే ఎంచుకోవాలి. ప్రతి సంగతికి ఒక బొమ్మ గీసి నేల మీద వరుసగా పెట్టి, ఒక్కొక్కరికి మూడు చింతగింజలు ఇవ్వండి. తమకు ముఖ్యమనిపించిన బొమ్మ మీద గింజలు పెడతారు. మూడూ ఒకే బొమ్మ మీద పెట్టినా తప్పు లేదు. సీతాఫలాల కాలంలో అయితే గింజల కోసం వెతకనక్కరలేదు, పిల్లల జేబుల్లోనే ఉంటాయి.

సలహాల పెట్టె సంగతి కూడా చెప్పాలి. నేను మొదటి ఏడాది అట్టపెట్టెకు చీలిక పెట్టి వరండాలో వేలాడదీశాను. నెల తరువాత తెరిస్తే రాయడం బాగా వచ్చిన ముగ్గురి చీటీలు, ఎవరినో వెక్కిరిస్తూ వేసిన రెండు బొమ్మలు, ఒక చాక్లెట్ కాగితం వచ్చాయి. పెట్టె ఉన్నత పాఠశాలలో పనికొస్తుందేమో గాని ఐదో తరగతి లోపు పిల్లలకు ఎదురుగా కూర్చొని వినే మనిషి కావాలి.

సభ జరిగే అరగంట

నెలకు ఒకసారి, శనివారం మధ్యాహ్న భోజనం తరువాత అరగంట. అంతకు మించితే రెండో తరగతి పిల్లలు నిద్రపోతారు. ఒంటిపూట బడులు మొదలైన మార్చి నెలలో ఉదయం ప్రార్థన కాగానే పెట్టుకోవాలి. చాప పరిచి అందరూ కిందే కూర్చోవాలి, టీచరు కూడా. మీరు కుర్చీలో, వాళ్ళు కింద ఉంటే అది తరగతే అవుతుంది.

సభ నడిపే పని ఐదో తరగతి ప్రతినిధుల్లో ఒకరిది. వాళ్ళు గుర్తుంచుకోవలసింది వరుస మాత్రమే: ముందు పోయిన నెల అడిగినవాటికి ఇచ్చిన జవాబులు ఏమయ్యాయో, తరువాత చిన్న తరగతి నుంచి పెద్ద తరగతికి కొత్త సంగతులు. పెద్దవాళ్ళతో మొదలుపెడితే చిన్నవాళ్ళు "మాదీ అదే సార్" అని కూర్చుండిపోతారు. మీరు మధ్యలో కల్పించుకోకుండా వినడం చాలా కష్టం, దానికి సాధన కావాలి. నాకైతే చేతిలో పెన్ను పట్టుకొని రాసుకుంటూ ఉంటేనే నోరు అదుపులో ఉండేది.

రాసుకోవడానికి పొడవాటి రిజిస్టరు ఒకటి కొనండి. నాలుగు నిలువు గళ్ళు చాలు: తేదీ, ఎవరు ఏమి అడిగారు, జవాబు, పని అయిందా లేదా. రెండో గడిని పిల్లల మాటల్లోనే రాయాలి. "త్రాగునీటి సౌకర్యం మెరుగుపరచవలెను" అని రాస్తే నెల తరువాత ఆ మాట ఎవరిదో, అసలు ఇబ్బంది ఏమిటో ఎవరికీ గుర్తుండదు. "మూడో తరగతి: గిలాసలు నాలుగే ఉన్నయి, మా వంతు వచ్చేసరికి గంట కొడుతుండ్రు" అని ఉంటే, చేయవలసిన పని ఆ వాక్యంలోనే ఉంటుంది.

జవాబు చెప్పడం

ఈ పద్ధతికంతటికీ ఇదే గుండెకాయ. ప్రతి సంగతికీ వారం రోజుల్లో జవాబు చెప్పాలి, అది కూడా సోమవారం ప్రార్థనలో అందరి ముందు చెప్పాలి, రిజిస్టరులో రాయాలి. జవాబులు మూడు రకాలుగానే ఉంటాయి. "సరే, ఫలానా రోజుకల్లా చేస్తాం" అన్నది మొదటిది. "కాదు, ఎందుకంటే..." అన్నది రెండోది. "ఇది మన చేతిలో లేదు, ఫలానావారిని అడుగుతున్నాం" అన్నది మూడోది. "చూద్దాం" అన్న నాలుగో జవాబును మీ నోటి నుంచి తీసేయండి. అది జవాబు కాదని మనకంటే పిల్లలకే బాగా తెలుసు.

రెండో రకం జవాబు చెప్పడానికి మనం సంకోచిస్తాం. నిజానికి పిల్లలు కాదన్న మాటను చక్కగా తీసుకుంటారు, కారణం నిజమైనదైతే. మధ్యాహ్నం విరామంలో చెరువు దాకా వెళ్ళి ఆడుకుంటామని నాలుగో తరగతి అడిగితే, "వద్దు. ఒక టీచరు ఇక్కడ చిన్నవాళ్ళతో ఉండాలి, ఇంకొక టీచరు ఒక్కరే ఇరవై మందిని నీళ్ళ దగ్గర కాచుకోలేరు" అని చెప్పండి. మీకు చేతకాదని ఒప్పుకున్నట్టు అవుతుందని సంకోచించనక్కర లేదు. అప్పుడు వాళ్ళే "మరి కాపు కోతలైపోయినంక ఎల్లయ్య తాత చేనుకాడికి పోదమా?" అన్నట్టు ఇంకొక దారి వెతుకుతారు. కారణం చెప్పకుండా కాదన్నప్పుడు ఈ రెండో ప్రశ్న పుట్టదు.

పిల్లలు అడిగేవాటిలో చాలా భాగం ఒకరికొకరి మధ్య న్యాయం గురించే ఉంటుంది. మైదానమంతా పెద్ద అబ్బాయిల క్రికెట్ ఆక్రమించుకుంటుందని అమ్మాయిలు చెబితే, వెంటనే తీర్పు ఇవ్వకండి. మైదానం బొమ్మను బోర్డు మీద గీసి, ఎవరు ఎక్కడ ఆడుతున్నారో వారం రోజులు చూసి గుర్తు పెట్టమని రెండు పక్షాల ప్రతినిధులకూ చెప్పండి. ఎక్కువ చోటు ఎవరిదో బొమ్మే చూపిస్తుంది. ఆ తరువాత సోమ, బుధ, శుక్రవారాలు ఎవరివి, మంగళ, గురువారాలు ఎవరివి అన్న బేరం వాళ్ళే ఆడుకుంటారు. ఆ బేరం మనకు నచ్చినట్టు లేకపోవచ్చు, అయినా ఒక నెల నడవనివ్వాలి.

భోజనం గురించిన మాటలు

ఏ బడిలోనైనా రెండో సభకల్లా అన్నం సంగతి వస్తుంది. చారు నీళ్ళలెక్క ఉందని, గుడ్డు పెట్టే రోజు చివరి వరుసకు చిన్న గుడ్లు మిగులుతున్నాయని, అన్నంలో రాళ్ళు వచ్చాయని చెబుతారు. ఇక్కడ మీ నేర్పు కావాలి. వండేది కూడా అదే ఊరి ఆడవాళ్ళు. బిల్లులు ఆలస్యమైన నెలల్లో కిరాణా కొట్టులో అరువు తెచ్చి వండేది వాళ్ళే. పిల్లల మాటను ఫిర్యాదుగా మోసుకెళ్ళి వాళ్ళ ముందు పడేస్తే, వాళ్ళకు తలవంపులు, పిల్లలకు మరునాడు గరిటె దగ్గర చీవాట్లు.

అందుకే వంట అక్కను ముందు నుంచే సభలో మనిషిగా చేర్చుకోవాలని మొదట్లో అన్నాను. భోజనం సంగతి వచ్చే నెలలో ఆమెను కూడా చాప మీద కూర్చోబెట్టండి. ముందుగా పిల్లల చేత తమకు నచ్చిన రోజును చెప్పించండి, ఆ తరువాత ఒక్క ఇబ్బందిని మాత్రమే చెప్పించండి. ఆమెకూ అడిగే హక్కు ఉంది: ప్లేట్లలో అన్నం ఎందుకు మిగులుతోంది, ప్లేట్లు కడిగే చోట బురద ఎవరు చేస్తున్నారు అని ఆమె అడగవచ్చు. మిగిలిన అన్నాన్ని వారం పాటు ఒక గిన్నెలో కొలిచి రాయడం ఐదో తరగతికి మంచి లెక్కల పని. ఏ రోజు ఎక్కువ మిగిలిందో తెలిస్తే ఏ కూర పిల్లలకు ఎక్కడం లేదో వాదన లేకుండా తేలిపోతుంది. ఇక గుడ్ల సంగతికి వరుసను రోజుకొక తరగతితో మొదలుపెడితే సరి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బడి గేటు దాటే సంగతులు

మొదట్లో కాగితం మీద మూడో గడిలో రాసుకున్న, బడి చేతిలో లేని సంగతులను పిల్లల చేతుల్లోనే పెట్టి పంపండి. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. తెలంగాణలో 2024 నుంచి మహిళా సంఘాల వారితో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా ఉన్నాయి. తాగునీరు, మరుగుదొడ్లు, చిన్న మరమ్మతుల వంటి పనులను ఈ కమిటీల ద్వారానే చేయించారు. కమిటీ సమావేశమైన రోజు మొదటి పది నిమిషాలు ఇద్దరు పిల్లలకు ఇవ్వమని ముందుగానే అధ్యక్షురాలిని అడగండి. పిల్లలు రిజిస్టరు తీసుకెళ్ళి రెండు సంగతులు చదివి, జవాబు కోసం కూర్చుంటారు. తన కూతురి వయసు పిల్ల ఎదురుగా కూర్చొని "ఎప్పటికి చేస్తరు?" అని అడిగితే, మీరు రాసిన నాలుగు ఉత్తరాల కంటే అది బలంగా పనిచేస్తుంది. జవాబు వచ్చాక పిల్లలను తరగతికి పంపించండి. పెద్దవాళ్ళ లెక్కల గొడవలో వాళ్ళను కూర్చోబెట్టనక్కరలేదు.

నీళ్ళ సంగతికి మన దగ్గర ప్రత్యేకమైన బరువు ఉంది. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఎన్ని తరాల ఎముకలను వంచిందో పిల్లలకు తాతలను చూస్తేనే తెలుసు. పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. మిషన్ భగీరథ నీళ్ళు నల్లాలోకి వచ్చాక చాలా ఊళ్ళలో బోరింగు నీళ్ళు తాగడం మానేశారు. నల్లా రాని రోజున బడి పిల్లలు ఏ నీళ్ళు తాగుతున్నారన్నది పెద్దవాళ్ళెవరికీ తెలియదు, పిల్లలకే తెలుసు. సభలో "దూపైతె బోరింగు కొట్టుకొని తాగుతున్నం" అన్న మాట వస్తే దాన్ని ఆ రోజే అందుకోండి. నల్లా ఏయే రోజుల్లో రాలేదో నెలపాటు క్యాలెండరు మీద గుర్తు పెట్టించి, ఆ క్యాలెండరుతో సహా సర్పంచ్ దగ్గరికో పంచాయతీ కార్యదర్శి దగ్గరికో పిల్లలను తీసుకెళ్ళండి. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. ఆ బోరింగు నీళ్ళను పరీక్ష చేయించమని అడగడం కూడా అదే కాగితంలో రాయించండి. జవాబు వచ్చేదాకా ఆగకుండా, నల్లా వచ్చిన రోజే మూత ఉన్న డ్రమ్ములో నింపి పెట్టుకొనే పని మాత్రం బడిదే.

ఓటుకు పెట్టకూడనివి, సభలో మాట్లాడకూడనివి

"ఆ పిల్ల పక్కన కూర్చోను" అన్న మాట భోజనాల వరుసలో వినిపించినప్పుడు, దాని వెనక కులం ఉన్నా, ఇంకేదైనా ఉన్నా, అది చింతగింజలతో తేల్చే సంగతి కాదు. పదిమంది ఒకవైపు ఉన్నారు కాబట్టి ఒకరిని పక్కకు నెట్టవచ్చని సభ నేర్పకూడదు. అక్కడ మీరే ముందుకు వచ్చి, మీ ప్లేటు తీసుకొని ఆ పిల్ల పక్కన కూర్చోండి. ఇళ్ళకు వెళ్ళి మాట్లాడవలసి వస్తే మాట్లాడండి.

కొన్నిసార్లు వలయంలో బంతి చేతికి రాగానే ఒక పిల్ల ఇంట్లో దెబ్బల గురించో, ఎవరో ముట్టుకున్న తీరు గురించో చెప్పేస్తుంది. అప్పుడు గొంతు మార్చకుండా "చెప్పినందుకు మంచిది అమ్మా, ఇది మనం తరువాత మాట్లాడుకుందాం" అని వలయాన్ని ముందుకు నడిపించి, ఆ పూటే ఆ పిల్లతో ఒక టీచరు విడిగా కూర్చోవాలి. ఆ సంగతిని రిజిస్టరులో రాయకూడదు. ఎవరికీ చెప్పనని మాట కూడా ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకోవడం మీకు సాధ్యం కాదు: లైంగిక వేధింపు అనుమానం ఉంటే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తెలిసిన ప్రతి ఒక్కరి బాధ్యత. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. ఆ పిల్ల పేరు బయటకు రాకుండా చూడటం మిగతా అన్నిటికంటే ముందు చేయవలసిన పని. కొట్టేది ఇంట్లో కాక బడిలోనే అని పిల్లలు చెబితే, అదీ దాచకూడదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది, గుంజీలు తీయించడం ఆ జాబితాకు బయట ఉందని మనం అనుకుంటే పొరపాటు.

వలస వెళ్ళే పిల్లలు, ఏడాది ముగింపు

పాలమూరు వైపు దసరా దాటాక కొన్ని ఇళ్ళకు తాళాలు పడతాయి. తల్లిదండ్రులతో పాటు పిల్లలూ వెళ్ళిపోతారు. వాళ్ళలో ఆ వంతు ప్రతినిధి కూడా ఉండవచ్చు. ఆ చోటును వెంటనే ఇంకొకరితో నింపి ఆ పేరును కొట్టేయకండి. చిట్టీ తీసి తాత్కాలికంగా ఒకరిని కూర్చోబెట్టండి, వలస నుంచి తిరిగి వచ్చిన పిల్లకు తన వంతు తిరిగి ఇవ్వండి. తన పేరు రిజిస్టరులో ఇంకా ఉందని తెలిస్తే ఆ పిల్ల బడిలో మళ్ళీ కుదురుకోవడం కాస్త తేలికవుతుంది. తాతా అవ్వల దగ్గర ఊళ్ళోనే ఉండిపోయే పిల్లలకు సాయంత్రం బడి ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది పెద్ద సంగతి, దాన్ని అడగడానికి వాళ్ళకు అవకాశం ఇవ్వండి.

ఏప్రిల్‌లో బడి మూసే ముందు వారం చివరి సభ పెట్టండి. కొత్త సంగతులు తీసుకోవద్దు. రిజిస్టరు మొదటి పేజీ నుంచి తిరగేస్తూ నాలుగో గడిని చదవండి: ఎన్ని అయ్యాయి, ఎన్నిటికి కాదన్నాం, ఎన్ని అలాగే మిగిలాయి. మిగిలిపోయినవాటిని ఒక కొత్త పేజీ మీద పిల్లల చేతే ఎత్తి రాయించి, ఐదో తరగతి వాళ్ళు దాన్ని నాలుగో తరగతి వాళ్ళ చేతికి ఇవ్వాలి. ఉన్నత పాఠశాలకు వెళ్ళిపోయే పిల్లలకు ఆ పేజీ నకలు ఒకటి ఇచ్చినా బాగుంటుంది. రిజిస్టరును మీ బీరువాలో పెట్టకుండా, తాళం లేని తరగతి అలమారలో ఉంచండి. జూన్‌లో మొదటి సభ ఆ పేజీతోనే మొదలవుతుంది, ఆ రోజు పోయిన ఏడాది మిగిలిన మొదటి సంగతికి జవాబు మీ దగ్గర ఉండాలి.